చుట్టాలతో ఒక ఆదివారం

హైదరాబాదులో కాపురం పెట్టిన వాడికి రెండు హైదరాబాదులుంటాయి. రోజూ ఆఫీసుకు పోయి వచ్చే ఊరు ఒకటి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే చూసే ఊరు మరొకటి. సాలార్జంగు మ్యూజియం, చార్మినారు, గోలకొండ, బిర్లా మందిరం, జూ పార్కు ఇవన్నీ ఆ రెండో ఊళ్ళోవి. చుట్టాలెవరూ వెంట లేకుండా నేను చార్మినారు దగ్గరికి వెళ్ళింది ఒకే ఒక్కసారి. అదీ దారి తప్పి. మీలో చాలామంది సంగతి కూడా ఇంతేనని నా అనుమానం.

ఎవరొచ్చినా నేను చూపించే వరస ఒకటే. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం చార్మినారు, సాయంత్రం ట్యాంకుబండు. ఇంకో రోజు ఉంటే గోలకొండ. ఎక్కడ ఏ కబురు చెప్పాలో, ఏ సంవత్సరం అప్పజెప్పాలో, ఎక్కడ చెరుకురసం తాగించాలో కూడా ఖాయమే. నా వాగ్ధోరణికి మా ఆవిడ 'స్థలపురాణం' అని పేరు పెట్టింది. "మొదలెట్టారా స్థలపురాణం?" అంటుంది, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి.

2019 సంక్రాంతికి మా మేనత్త వచ్చింది. నగరమంతా మూటాముల్లే కట్టుకొని కోస్తా వైపు పరుగెత్తే రోజుల్లో ఆవిడ ఎదురు ప్రయాణం చేసి వచ్చింది. అంతకు ముందు శ్రావణంలో మామయ్య పోయాడు. ఆ ఏడాది వాళ్ళింట్లో పండుగ లేదు. చుట్టుపక్కల ఇళ్ళలో ముగ్గులూ గొబ్బెమ్మలూ చూస్తూ అమ్మ ఒక్కతే కూర్చుంటే చూడలేనని మా బావ తల్లినీ, భార్యనూ, ఇద్దరు మగపిల్లలనూ వెంటబెట్టుకొని బందరు నుంచి రాత్రి బస్సెక్కాడు. అత్తయ్యకి అప్పటికి అరవై ఆరేళ్ళు. హైదరాబాదు రావడం అదే మొదలు.

వాళ్ళది దివిసీమ. కోడూరు దాటాక హంసలదీవికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. మా నాన్నదీ ఆ ఊరే గాని, ఉద్యోగం వచ్చి పెళ్ళికి ముందే బెజవాడ చేరాడు. అందుకే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మా ఇంట్లో ఎప్పుడూ ఒక వార్తగానే ఉండిపోయింది. ఆ రాత్రి సముద్రం తాడెత్తున లేచి ఊళ్ళ మీద పడిందనీ, పదివేలమంది దాకా పోయారనీ, అవనిగడ్డలో స్తూపం ఉందనీ చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. అత్తయ్య ముంజేతుల మీద గీతలు గీతలుగా మచ్చలున్నాయని కూడా తెలుసు. నాన్ననడిగితే "ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకుందిరా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

అన్నట్టు, మా బావ అత్తయ్యకి ఒక్కగానొక్క కొడుకు. కాని ఆవిడ అతన్ని మొదటి నుంచీ "చిన్నోడా" అనే పిలుస్తుంది. ముద్దుపేరు కాబోలనుకొనేవాళ్ళం.

భోగికి ముందు రోజు, ఆదివారం. పులిహోర డబ్బాలతో, మంచినీళ్ళ సీసాలతో కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాం. ఆ దారి మహాత్మాగాంధీ బస్‌స్టేషను మీదుగా ఎల్బీనగరు దాకా తెరిచి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. అత్తయ్యకి మాత్రం కదిలే మెట్లు నచ్చలేదు. "నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే మోసుకుపోతందిరా, కాళ్ళెందుకింక?" అంది. పండుగ పుణ్యమా అని రైల్లో కూర్చోవడానికి చోటు దొరికింది. మామూలు రోజుల్లో ఆ భాగ్యం లేదు.

బస్‌స్టేషను దగ్గర దిగి రెండు ఆటోలు మాట్లాడాం. మా ఆవిడా, బావ భార్యా, పిల్లలూ ముందుదాంట్లో. వెనక నేనూ, బావా, మధ్యలో అత్తయ్య. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూలు మీదికి వచ్చేసరికి ఆటో నిలిచిపోయింది. ముందు ఒక తోపుడుబండి అడ్డం తిరిగింది. అత్తయ్య కిందికి తొంగి చూసింది. నల్లటి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. రెండు పక్కలా గడ్డి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

"ఈ కాలవేంట్రా?"

"కాలవ కాదత్తయ్యా, మూసీ నది."

"నదా!" అంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట పుట్టి పెరిగిన మనిషి. ఆ ఒక్క మాటలో మూసీ మీద ఎంత చిన్నచూపు ఉందో నేను రాసి చూపించలేను.

నాకు పౌరుషం వచ్చింది. పదిహేనేళ్ళుగా ఈ ఊరి తిండి తింటున్నాను కదా! వెంటనే స్థలపురాణం ఎత్తుకున్నాను. ఈ నదిని తక్కువగా చూడకు, 1908 సెప్టెంబరు 28న ఇదే నది పొంగి నగరాన్ని ముంచేసింది, పదిహేను వేలమంది పోయారని చెబుతారు, వంతెనలు కొట్టుకుపోయాయి అన్నాను. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాను ఆ మరుసటేడు విశ్వేశ్వరయ్యను పిలిపించాడనీ, ఆయన సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారనీ, గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయనీ ధారగా చెప్పుకుపోయాను. కుడివైపు గుమ్మటాలు చూపించి, "అదిగో, అది ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ వరదలో నూట యాభై మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు" అని ముగించాను. తోపుడుబండి తప్పుకుంది. ఆటో కదిలింది.

బావ నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు. అప్పుడు గాని నేనేం మాట్లాడానో, ఎవరితో మాట్లాడానో నాకు తట్టలేదు. అత్తయ్య మాత్రం తల తిప్పి ఆ గుమ్మటాలవైపే చూస్తోంది.

మ్యూజియం గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ముసుగు రెబెకా ముందు మామూలుగానే గుంపు. 1876లో మొదటి సాలార్జంగు రోములో కొన్న విగ్రహం అది. బెంజోనీ అనే శిల్పి చలువరాతిలో తడిబట్టను ఎలా చెక్కాడో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టదు. అత్తయ్య చాలాసేపు చూసి, "ఆ పిల్లకి చలేస్తందేమో" అంది. ఒకే మొద్దులో ముందువైపు మెఫిస్టోఫిలిస్‌నీ, వెనకవైపు మార్గరెట్టానీ చెక్కిన కొయ్యబొమ్మ దగ్గర మా బావ కొడుకులిద్దరూ అద్దంలో చూడాలా, వెనక్కి వెళ్ళి చూడాలా అని తగువులాడుకున్నారు. పింగాణీ గదులూ, దంతపు కుర్చీలూ వడివడిగా దాటేశాం. పన్నెండు కావస్తోంది. గడియారం దగ్గర చోటు దొరకాలి కదా.

ఆ గడియారం ముందు పన్నెండు గంటలకు కూర్చోవడం ఒక సత్రకాలక్షేపం. బల్లల మీదా, నేల మీదా, మెట్ల మీదా జనం. గంట కొట్టడానికి మూడు నిమిషాలు ఉందనగా చిన్న తలుపు తీసుకొని గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి నిలబడుతుంది. వేళ కాగానే గంట మీద టంగుటంగున కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వాళ్ళ సరుకు. పన్నెండుకు పన్నెండు దెబ్బలు కనక అప్పుడే కిటకిట. నా కూతురు నా భుజాలెక్కింది. అందరూ మెడలు పైకెత్తి ఊపిరి బిగబట్టి ఉండగా అత్తయ్య నా చొక్కా పట్టి లాగింది.

"ఆ చెట్టు ఇంకా ఉందా?"

"ఏ చెట్టు?"

"నువ్వే అన్నావుగా. చింతచెట్టు."

ఉందనే విన్నానన్నాను. విన్నానేమిటి, చూడలేదా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నిజమే, చూడలేదు. ఎవరో చెప్పింది విని, ఎక్కడో చదివి, ఎందరికో వంతెన మీద నుంచి చూపుడు వేలితో చూపించాను గాని, ఒక్కసారీ దిగి వెళ్ళలేదు.

"ఎంత దూరం?"

"వంతెన దాటితే వచ్చేస్తుంది. ఇది అయ్యాక చార్మినారు వెళ్ళి..."

"చార్మినారు ఎక్కడికీ పోదులేరా" అంది.

గడ్డపు బొమ్మ వచ్చింది, పన్నెండు కొట్టింది, వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. "ఇంతసేపూ కూర్చుంది ఇందుకా?" అంది అత్తయ్య, నవ్వకుండా.

పిల్లలకు పులిహోర పెట్టే పని ఆడవాళ్ళకు అప్పగించి మేం ముగ్గురం నడిచి వంతెన దాటాం. ఎండ చురుక్కుమంటోంది. హైకోర్టు గుమ్మటాలు ఇవతలి ఒడ్డున ఉంటే ఆసుపత్రి గుమ్మటాలు అవతలి ఒడ్డున. రెండింటికీ రూపశిల్పి విన్సెంట్ ఎస్ష్ అనే దొర. బావ హైకోర్టు వంక చూసి, "మనది వెళ్ళిపోయి రెండు వారాలైంది కదూ" అన్నాడు. ఆ జనవరి ఒకటి నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుపడి తరలిపోయింది. బావకు ఒక పొలం తగాదా ఉందిలెండి. అదొక పెద్ద కథ.

ఆసుపత్రి ఆవరణలో ఇద్దరు ముగ్గురిని అడిగితే చెట్టు చూపించారు. వెనకవైపు, నది దిక్కున. పెద్ద మాను. బెరడు మెలికలు తిరిగి ఉంది. పండుగ అయినా ఆదివారం అయినా ఆసుపత్రికి సెలవుండదు కనక, దాని చుట్టుపక్కల నీడపట్టున రోగుల తాలూకు మనుషులు గుడ్డలు పరుచుకొని ఉన్నారు. ఒకరు అన్నం తింటున్నారు, ఒకరు నిద్రపోతున్నారు. స్టీలు క్యారియర్లు, ఎక్స్‌రే సంచులు. నూట యాభై మందిని మోసిన చెట్టని అక్కడ కూర్చున్న వాళ్ళలో ఎందరికి తెలుసో! తెలిసినా తెలియకపోయినా నీడ నీడే.

అత్తయ్య కొంచెం దూరంలోనే చెప్పులు విడిచింది. చెట్టు దగ్గరికి వెళ్ళి మాను మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. దణ్ణం పెట్టలేదు. తల పైకెత్తి, కొమ్మలు ఎక్కడ చీలాయో, ఎక్కడ కాలు మోపవచ్చో వెతుకుతున్నట్టు చూసింది. కోనసీమలో కొబ్బరిచెట్టును దింపువాడు అలా చూస్తాడు, ఎక్కబోయే ముందు.

నీడలో కూర్చున్న ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. "కూసో అక్కా. మీవోళ్ళు ఎవరున్నరు లోపల?"

అత్తయ్య కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా పెద్దోడమ్మా" అంది.

"మంచిగైతడు తియ్యి. ఫికర్ జెయ్యకు" అంది ఆవిడ. ఎవరో పిలిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను బావ వంక చూశాను. బావ నా వంక చూడలేదు. తనకు ముందు ఒక అన్న పుట్టి ఉప్పెనలో పోయాడని అతనికి తెలుసట, అంతే. ఫొటో లేదు, పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ ముక్క నాకు అతను తరవాత చెప్పాడు.

కాసేపటికి అత్తయ్యే అడిగింది, "వీళ్ళు ఎంతసేపు పట్టుకున్నారన్నావు?"

"రెండు రోజులని చెప్పుకుంటారు."

"మాది ఒక రాత్రే" అంది.

ఆవిడ చెప్పింది పట్టుమని పది మాటలు ఉండవు. మామయ్య ఆ రోజు పనిమీద అవనిగడ్డ వెళ్ళి గాలికి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో తనూ, మూడేళ్ళ పిల్లాడూ. గోడ పడింది. నీళ్ళు ఎత్తుకుపోయి తుమ్మచెట్టుకు కొట్టాయి. కుడిచేత్తో కొమ్మ, ఎడమచేత్తో వాణ్ణి. ముళ్ళు దిగుతుంటే అదే మంచిదనుకుందట, పట్టు జారదని. తెల్లవారుజామున ఎడమచెయ్యి మొద్దుబారింది.

"చెయ్యి మార్చుకుందామనుకున్నాను" అంది.

అక్కడితో ఆపేసింది. నేను ఎదురుచూశాను. ఆ తరవాత ఇంకేం లేదు.

పక్కన పడుకున్న మనిషి తాలూకు ట్రాన్సిస్టరులో ఏదో పాట వస్తోంది. బావ లేచి వెళ్ళి, దూరాన విడిచిన తల్లి చెప్పులు రెండూ తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఎండకి కాలతాయమ్మా" అన్నాడు. అత్తయ్య చెప్పులు వేసుకొని, "పద చిన్నోడా, పిల్లలు ఎదురుచూస్తంటారు" అని లేచింది. నలభై ఏళ్ళుగా వింటున్న పిలుపు. ఆ రోజు దాని అర్థం తెలిసింది, నాకూ అతనికీ కూడా.

మిగిలిన రోజు మామూలుగానే నడిచింది. చార్మినారు చూశాం. 1591 నాటి కట్టడమని నేను చెప్పలేదు. మా ఆవిడ ఆశ్చర్యపోయి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. లాడ్‌బజారులో అత్తయ్య తన కోడలికీ మా అమ్మాయికీ గాజులు కొంది. బేరం ఆవిడే ఆడింది. ఉర్దూ రాదు, అయినా దుకాణదారు సగం ధరకు దిగివచ్చాడు. ఆవిడ వేళ్ళతో చూపించింది, అతను తల ఊపాడు. పిల్లలిద్దరూ చెరుకురసం మీసాలతో చొక్కాలు పాడుచేసుకున్నారు.

సాయంత్రం ట్యాంకుబండు. పడవెక్కి బుద్ధుడి దగ్గరికి వెళ్దామని పిల్లలు గోల చేశారు. అత్తయ్య ఎక్కనంది, నేను బలవంతపెట్టలేదు. వాళ్ళందరూ వెళ్ళాక మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆ విగ్రహాన్ని ఎలా తెచ్చారని ఆవిడే అడిగితే చెప్పాను, ఈసారి ఆచితూచి. రాయగిరి రాతితో చెక్కిన ఏకశిల. 1990 మార్చిలో తెప్ప మీద చెరువు మధ్యకు తీసుకుపోతుంటే ఒరిగి మునిగిపోయింది. మనుషులు కూడా పోయారు. 1992 చివర్లో పైకి తీసి నిలబెట్టారు.

"రెండేళ్ళు నీళ్ళలో ఉన్నాడా!" అంది. దీపాలు వెలిగాయి. విగ్రహం రంగులు మారుతుంటే చూస్తూ కూర్చుంది. పడవ తిరిగివచ్చేదాకా మనవల తలలు లెక్కపెడుతూనే ఉంది. ఒకటి, రెండు. మళ్ళీ ఒకటి, రెండు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను మూసీ వరద గురించి దొరికినవన్నీ తీసి చదివాను. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురునూ ఆ వరదలో పోగొట్టుకొని తానొక్కడే బయటపడ్డాడట. ఆ అనుభవాన్ని కవిత్వం చేశాడు. అన్నేళ్ళుగా పదిహేను వేలు, నూట యాభై అంటూ లెక్కలు అప్పజెప్పిన నాకు ఈ ఒక్క మనిషి సంగతి తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. గైడు వేషం వేసేవాడికి అంకెలు చాలు.

తరవాత నాలుగైదు సార్లు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాను, చుట్టాలు లేకుండానే. ఊరికే కాసేపు కూర్చొని రావడం, అంతే. అక్కడ ఎవరైనా "మీవోళ్ళు ఎవరున్నరు?" అని అడిగితే ఇప్పటికీ ఏం చెప్పాలో తోచదు.

2025 సెప్టెంబరు చివర్లో, పైనున్న రెండు జలాశయాల గేట్లూ ఎత్తినప్పుడు మూసీ పొంగి బస్‌స్టేషనులోకి నీళ్ళు వచ్చాయి గుర్తుందా? ప్రయాణికులను తాళ్ళు కట్టి బయటికి తెచ్చారు. ఆ తెల్లవారి ఆరు కాకముందే ఫోను. అత్తయ్య. టీవీలో చూసిందట. మేం క్షేమంగా ఉన్నామనీ, కూకట్‌పల్లికి నది దూరమనీ చెప్పబోయాను.

"మీ సంగతి తెలుసులేరా" అంది. "ఆ చెట్టు కింద జనం ఉంటారు కదా, పాపం. వాళ్ళని లేపారో లేదో కనుక్కో."